నూట ముప్పై పంక్తుల చదరంగం ఆటగాడు

డోర్నకల్‌లో భద్రాచలం రోడ్డు వైపు పోయే రైలు ఎక్కితే కాసేపటికి కారేపల్లి వస్తుంది. ఖమ్మం జిల్లాలో సింగరేణి మండలానికి ఈ ఊరే కేంద్రం. ఇక్కడ పట్టాలు రెండుగా చీలతాయి. ఒక దారి ఇల్లందు వైపు, రెండోది కొత్తగూడెం వైపు పోతాయి. బండిని ఏ దారిన పంపాలో తేల్చుకోవడం కష్టమేమీ కాదు. ఉన్నవి రెండే కదా!

ఇప్పుడు చదరంగం బల్ల ముందు పెట్టుకోండి. తెల్ల పావులు మీవి, మొదటి ఎత్తు మీదే. మీ ముందు ఎన్ని దారులున్నాయి? ఎనిమిది బంట్లలో ప్రతి ఒక్కటీ ఒక గడి గాని రెండు గడులు గాని ముందుకు పోవచ్చు. అవి పదహారు. రెండు గుర్రాలు రెండేసి చోట్లకు దూకవచ్చు. అవి నాలుగు. మొత్తం 20. మీరు ఏ ఎత్తు వేసినా మీ ఎదుటి ఆటగాడికీ 20 ఎత్తులు ఉంటాయి. అంటే ఇద్దరూ ఒక్కొక్క ఎత్తు వేసేసరికే ఆట 400 రకాలుగా నడిచి ఉండవచ్చు. మూడో ఎత్తుకు 8,902 రకాలు. నాలుగో ఎత్తుకు 1,97,281. ఐదో ఎత్తుకు 48,65,609. ఇద్దరూ మూడేసి ఎత్తులు పూర్తిచేసేసరికి 11,90,60,324! ఇవి ఉజ్జాయింపు లెక్కలు కావు. కంప్యూటర్లు ఒక్కొక్కటిగా లెక్కపెట్టి తేల్చినవి.

ఈ లెక్కను ఆట చివరిదాకా పొడిగిస్తే ఏమవుతుంది? అమెరికా గణిత శాస్త్రజ్ఞుడు క్లాడ్ షానన్ 1950లో అచ్చయిన ఒక వ్యాసంలో అంచనా కట్టాడు. 1 వేసి దాని పక్కన 120 సున్నాలు పెట్టాలి. ఎంత వేగంగా లెక్కించే యంత్రమైనా అన్ని ఆటలనూ చివరికంటా చూడలేదు. మరి యంత్రం చదరంగం ఎలా ఆడుతున్నది? దాని పొట్టలో ఏముంది?

దాన్ని తెరిచి చూడవచ్చు. చాలా యంత్రాల విషయంలో ఈ మాట చెప్పలేం. చదరంగం ఆడే ప్రోగ్రాంలలో మాత్రం కొన్నింటిని తయారుచేసినవాళ్ళే, ఎవరైనా చదువుకోండి, మార్చుకోండి అని బాహాటంగా పెట్టారు. ఇలాంటి వాటిని ఓపెన్ సోర్స్ ప్రోగ్రాంలు అంటారు. వాటిలో హైస్కూలు విద్యార్థి కూడా ఓపికగా కూర్చుంటే చదవగలిగిన చిన్నది ఒకటి ఉంది. దాని పేరు సన్‌ఫిష్. డెన్మార్క్ దేశస్థుడు థామస్ ఆలే దీన్ని పైథాన్ అనే కంప్యూటర్ భాషలో రాశాడు. చదివేవారి కోసం మధ్యమధ్య రాసిన వివరణలనూ ఖాళీలనూ తీసేస్తే మిగిలేవి నూట ముప్పై పంక్తుల ప్రాంతం. మీ లెక్కల నోటుబుక్కులో ఐదారు పేజీలకు మించదు.

బల్లను బద్దలుకొట్టి బద్దీ చేయడం

కంప్యూటర్‌కు కళ్ళు లేవు. చదరపు బల్ల అంటే దానికి తెలియదు. దానికి తెలిసింది వరుసగా పేర్చిన గుర్తులు మాత్రమే. అందుకని సన్‌ఫిష్ బల్లను ఒక పొడుగాటి బద్దీగా మారుస్తుంది. ఆ బద్దీలో 120 స్థానాలుంటాయి. (పైన చెప్పిన 120 సున్నాలకూ దీనికీ సంబంధం లేదు!) స్థానాల లెక్క 0తో మొదలై 119తో ముగుస్తుంది.

బల్లలో ఉన్నవి 64 గడులే కదా, 120 ఎందుకు? మంచి ప్రశ్న. ఒక కాగితం మీద అడ్డానికి పది, నిలువుకు పన్నెండు గడులు గీయండి. పై వరుసలో ఎడమ నుంచి కుడికి 0 నుంచి 9 దాకా, రెండో వరుసలో 10 నుంచి 19 దాకా, ఇలా చివరిదాకా అంకెలు వేయండి. పైన రెండు వరుసలు, కింద రెండు వరుసలు, ఎడమ పక్కన ఒక నిలువు వరుస, కుడి పక్కన ఒక నిలువు వరుస పెన్సిలుతో నలుపు చేయండి. మధ్యలో తెల్లగా మిగిలిన ఎనిమిది ఎనిమిదుల 64 గడులే అసలు బల్ల. చుట్టూ ఉన్నది పొలానికి వేసిన కంచె.

ఈ ఏర్పాటు చేసిన మేలు చూడండి. ఒక గడి నుంచి పైకి పోవాలంటే 10 తీసివేయాలి. కిందికి పోవాలంటే 10 కలపాలి. కుడికి 1 కలపాలి, ఎడమకు 1 తీసివేయాలి. పావుల నడకలన్నీ కూడికలు, తీసివేతలు అయిపోయాయి! ఏనుగు తిన్నగా పోతుంది కనుక దానికి ఈ నాలుగు అంకెలు చాలు. మూలవాటంగా పోయే శకటుకు (కొన్ని ఊళ్ళలో దీన్నే ఒంటె అంటారు) పైకీ కుడికీ కలిపి −9, పైకీ ఎడమకూ కలిపి −11, అలాగే కిందికి 11, 9. గుర్రం రెండు గడులు పైకి, ఒకటి కుడికి దూకితే −20కి 1 కలిపి −19.

తెల్లవారి కుడివైపు గుర్రం ఆట మొదట్లో 97వ స్థానంలో ఉంటుంది. దానికి ఎనిమిది దూకుళ్ళున్నాయి. ప్రోగ్రాం ఎనిమిదింటినీ గుడ్డిగా వేసి చూస్తుంది. 97 నుంచి 21 తీసివేస్తే 76. ఖాళీ గడి, సరే. 19 తీసివేస్తే 78. అదీ ఖాళీ, సరే. 12 తీసివేస్తే 85. అక్కడ మన బంటే ఉంది, కుదరదు. 8 తీసివేస్తే 89. అది కుడి పక్క కంచె. 8 కలిపితే 105, 12 కలిపితే 109, 19 కలిపితే 116, 21 కలిపితే 118. ఇవన్నీ కింది కంచెలో పడ్డాయి. మిగిలినవి రెండే ఎత్తులు. గుర్రానికి మొదట రెండే దారులని పైన చెప్పుకున్నాం. యంత్రానికి కూడా రెండే వచ్చాయి. బల్ల అంచు ఎక్కడో దానికి విడిగా చెప్పనక్కరలేకపోయింది.

ఇంకొక చమత్కారం. తెల్లవారి బంట్లు పైకి పోతాయి, నల్లవారి బంట్లు కిందికి వస్తాయి. ఇద్దరికీ వేరువేరుగా సూత్రాలు రాయాలంటే ప్రోగ్రాం పొడుగవుతుంది. సన్‌ఫిష్ ఏం చేస్తుందంటే, ప్రతి ఎత్తు తర్వాతా బల్లను తలకిందులుగా తిప్పేస్తుంది. ఆడేవాడి పావులు ఎప్పుడూ పెద్దక్షరాలు, ఎదుటివాడివి చిన్నక్షరాలు. తిప్పగానే పెద్దవి చిన్నవి, చిన్నవి పెద్దవి అవుతాయి. దాంతో ఎవరి వంతు వచ్చినా వాళ్ళు కింద కూర్చుని పైకి ఆడుతున్నట్టే. అరుగు మీద ఇద్దరు ఆడుతుంటే మూడోవాడు అటొకసారి, ఇటొకసారి వెళ్ళి కూర్చుని చూసినట్టన్నమాట.

ఎవరి బలం ఎంత?

ఎత్తులు వేయడం వచ్చింది. వాటిలో మంచిదేదో, చెడ్డదేదో తెలియాలి. దానికి యంత్రం ప్రతి పావుకూ ఒక వెల కట్టుకుంటుంది. సన్‌ఫిష్‌లో బంటు వెల 100, గుర్రం 280, శకటు 320, ఏనుగు 479, మంత్రి 929. రాజు వెల ఎంతో ఊహించండి. 60,000! రాజు పోతే ఆటే పోతుంది కనుక, మిగతా పావులన్నీ దక్కినా ఆ నష్టం పూడకూడదు. అందుకే అంత పెద్ద అంకె.

పావు ఎక్కడ నిలబడిందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. బల్ల మధ్యలో ఉన్న గుర్రం ఎనిమిది వైపులా దూకగలదు, మూలన ఉన్నది రెండే వైపులా. అందుకని ప్రతి పావుకూ 64 గడులకు 64 చిన్న అంకెల పట్టిక ఒకటుంటుంది. మంచి గడి అయితే వెల కాస్త పెరుగుతుంది, చెడ్డ గడి అయితే తగ్గుతుంది. మన మొత్తంలోంచి ఎదుటివాడి మొత్తం తీసివేస్తే వచ్చేదే ఆ పరిస్థితి విలువ. చదరంగం గురించి యంత్రానికి తెలిసిన ‘జ్ఞానం’ దాదాపు ఇంతే అంటే మీరు నమ్మరేమో!

ఇప్పుడు ముందుచూపు. మీ ఎత్తు అనుకుందాం. మీ ఏనుగుకు ఎదురుగా అవతలివాడి గుర్రం ఉంది. కొడితే 280 లాభం. ఆశగా ఉంది కదా? కాని ఆ గుర్రానికి కాపుగా ఒక బంటు ఉంది. మీరు గుర్రాన్ని కొట్టగానే ఆ బంటు మీ ఏనుగును కొడుతుంది. 280 వచ్చింది, 479 పోయింది. మిగిలింది −199. ఇంకొక దారి ఉంది. మీ బంటుతో, కాపు లేని ఒక బంటును కొట్టవచ్చు. వాడు ఏం చేసినా మీకు 100 నిలుస్తుంది. ఏది మంచిది? 280 చూసి మురిసిపోయేవాడు మొదటిది వేస్తాడు. పులి–మేక ఆటలో ఎరగా పెట్టిన మేకను మింగి ఇరుక్కుపోయిన పులిని మీరు చూసే ఉంటారు.

సూత్రం ఇది: నేను వేసే ప్రతి ఎత్తుకూ ఎదుటివాడు నాకు అన్నిటికన్నా చెడ్డ జవాబే ఇస్తాడనుకోవాలి. ఆ చెడ్డ జవాబుల్లో ఏది నాకు తక్కువ నష్టమో ఆ ఎత్తే వేయాలి. ఇటువంటి ఆటల గణితాన్ని హంగేరీలో పుట్టిన జాన్ వాన్ నాయ్‌మన్ 1928లో నిరూపించాడు. షానన్ దాన్నే చదరంగానికి వర్తింపజేశాడు.

చూడనక్కరలేని కొమ్మలు

ఆట నడుమ ఒక్కొక్క పరిస్థితిలో సుమారు 30 ఎత్తులుంటాయనుకుంటే, నాలుగు ఎత్తుల ముందుకు చూడాలంటే 30ని నాలుగుసార్లు హెచ్చవేయాలి. 8,10,000 చివరలు వస్తాయి. ఇంత పనిని తగ్గించే మార్గం ఉందా?

ఉంది. పైన చెప్పిన ఉదాహరణలోనే దాగి ఉంది. బంటుతో బంటును కొట్టే దారిని ముందే పూర్తిగా చూశారు. ఎలాగైనా 100 దక్కుతుందని తేలింది. తర్వాత ఏనుగు దారి చూడటం మొదలుపెట్టారు. ఎదుటివాడి మొదటి జవాబులోనే −199 కనిపించింది. వాడికి ఇంకా 29 జవాబులు ఉండవచ్చు. వాటిని చూడాలా? అక్కరలేదు! వాటిలో మీకు లాభమైనవి ఉండవచ్చు గాక, వాడు వాటిని ఎందుకు వేస్తాడు? ఏనుగు దారి 100 కన్నా తక్కువని తేలిపోయింది. ఎంత తక్కువో మనకు అనవసరం. కొమ్మను అక్కడే నరికేయవచ్చు.

అయితే ఒక మెలిక. మీరు ఏనుగు దారినే ముందు చూసి ఉంటే? పోల్చడానికి చేతిలో 100 లేదు కనుక 30 జవాబులూ చూడవలసి వచ్చేది. మంచి ఎత్తును ముందు చూస్తే పని తగ్గుతుంది. ప్రతిచోటా అదృష్టవశాత్తూ మంచి ఎత్తే ముందు వస్తే, ఆ 8,10,000 చివరలకు బదులు 1,799 చూస్తే చాలు. జవాబు మాత్రం తేడా రాదు. సన్‌ఫిష్ అందుకే ఎత్తులను లాభం ఎక్కువున్న క్రమంలో పేర్చుకుని, ఇంతకుముందు మంచిదని తేలినది ఉంటే దాన్ని అన్నిటికన్నా ముందు పరీక్షిస్తుంది. నాకు ఈ ప్రోగ్రాం మొత్తంలో అన్నిటికన్నా నచ్చినది ఈ భాగమే. వేగమైన యంత్రం కొనకుండానే పని నాలుగు వందల యాభై వంతులు తగ్గింది.

ఈ కొమ్మ నరికే ఉపాయాన్ని 1950ల నడుమ సూచించినవారిలో ముఖ్యుడు అమెరికా శాస్త్రజ్ఞుడు జాన్ మెకార్తీ. ఆయన దగ్గర స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి 1966లో డాక్టరేటు పొందిన తెలుగువాడు ఒకరున్నారు. నాటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన దబ్బల రాజగోపాల రెడ్డి, అంటే రాజ్ రెడ్డి. ఆయన ఎక్కువగా పనిచేసింది కంప్యూటర్‌కు మనిషి మాటను అర్థమయ్యేలా చేయడం మీద. కంప్యూటర్ శాస్త్రంలో అతి పెద్దదైన టూరింగ్ బహుమతి 1994లో ఆయనకూ ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌కూ కలిపి ఇచ్చారు. 1969 నుంచి ఆయన పనిచేసిన కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలోనే డీప్ థాట్ అనే చదరంగ యంత్రాన్ని విద్యార్థులు తయారుచేశారు. అది 1988లో డెన్మార్క్ గ్రాండ్‌మాస్టర్ బెంట్ లార్సెన్‌ను ఓడించింది. దాని తమ్ముడే ఐబీఎం వారి డీప్ బ్లూ. సెకనుకు 20 కోట్ల పరిస్థితులు చూసి 1997 మేలో ప్రపంచ విజేత గారీ కాస్పరోవ్‌ను 3½–2½ తేడాతో ఓడించిన యంత్రం అదే. అది రెండు బీరువాల్లో పట్టేది. ఆ బీరువాలు ఇప్పుడు అమెరికాలో రెండు మ్యూజియంలలో ఉన్నాయి.

పేరు చూసి దిగిపోతే

ముందుచూపుకు ఒక ప్రమాదం ఉంది. మన రైలు దారిలోనే చెబుతాను. కారేపల్లి దాటాక వచ్చే భద్రాచలం రోడ్డు స్టేషను కొత్తగూడెంలో ఉంది. కొత్తవాళ్ళు బోర్డు చూసి భద్రాచలం వచ్చేసిందనుకుంటారు. రాముడి గుడి అక్కడికి నలభై కిలోమీటర్ల దూరం, గోదావరికి అవతలి ఒడ్డున! కనుచూపు ఆగిన చోటే ప్రయాణం ఆగిందనుకోవడం వల్ల వచ్చే చిక్కు ఇది.

యంత్రానికీ ఇదే చిక్కు. మూడు ఎత్తులు చూసి ఆగుతుందనుకోండి. మూడో ఎత్తులో మంత్రితో ఒక బంటును కొట్టింది. 100 లాభమని సంబరపడి లెక్క ఆపేసింది. నాలుగో ఎత్తులో ఆ మంత్రి పోతుందని దానికి కనబడదు. అందుకని సన్‌ఫిష్ వంటి ప్రోగ్రాంలు లెక్క ఆపే చోట కొట్టుకోవడాలు నడుస్తున్నాయేమో చూస్తాయి. నడుస్తుంటే, ఆ కొట్టుళ్ళు సద్దుమణిగేదాకా వాటిని మాత్రం ఇంకా ముందుకు తీసుకుపోయి, బల్ల ప్రశాంతంగా ఉన్నప్పుడే విలువ కడతాయి.

తెరిచి పెట్టడం అంటే?

ప్రోగ్రాంను తెరిచి పెట్టినంత మాత్రాన దానికి నియమాలు లేవనుకోకండి. సన్‌ఫిష్‌కు ఉన్నది జీపీఎల్ అనే అనుమతి పత్రం. మొదటిసారి 1989లో వెలువడిన ఈ పత్రం ప్రకారం ఎవరైనా ప్రోగ్రాంను నకలు చేసుకోవచ్చు, మార్చవచ్చు, చివరికి అమ్మవచ్చు కూడా. కాని మార్చినదాన్ని ఇతరులకు ఇచ్చినప్పుడు దాని మూల ప్రోగ్రాంనూ అందుబాటులో ఉంచాలి, అదే స్వేచ్ఛను వాళ్ళకూ ఇవ్వాలి. మీకు చదువుకోవడానికి దొరికింది తర్వాతివాడికీ దొరకాలన్నమాట.

ఈ నియమం మీద కోర్టుదాకా పోయిన వ్యవహారం ఒకటుంది. స్టాక్‌ఫిష్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం 2008లో మొదలైంది. నార్వేకు చెందిన టోర్డ్ రోమ్‌స్టాడ్ రాసిన ప్రోగ్రాంను ఇటలీకి చెందిన మార్కో కోస్టాల్బా ముందుకు తీసుకుపోయాడు. నార్వేలో పట్టి ఇటలీలో వండిన ఎండుచేప అని సరదాగా ఆ పేరు పెట్టారు. దేశదేశాల వారు చేయి వేయగా అది మనుషులెవరూ గెలవలేనంత బలమైనదయింది. జర్మనీలోని చెస్‌బేస్ అనే కంపెనీ స్టాక్‌ఫిష్ ఆధారంగా తయారైన ప్రోగ్రాంలను, నియమాలు పాటించకుండా అమ్మిందంటూ 2021 జులైలో స్టాక్‌ఫిష్ బృందం వ్యాజ్యం వేసింది. 2022 నవంబరులో రాజీ కుదిరింది. స్టాక్‌ఫిష్ ఉన్న సరుకును ఏడాదిపాటు అమ్మకూడదని, ఇకముందు నియమాలు పాటించేలా చూడటానికి ఒక బాధ్యుణ్ణి పెట్టుకోవాలని ఒప్పందం. డబ్బు తీసుకోకుండా రాసినవాళ్ళు డబ్బు కోసం కాక, చదివే హక్కు కోసం కోర్టు మెట్లు ఎక్కారు.

మీరు చేసి చూడండి

మీ స్కూల్లో కంప్యూటర్ ఉండి, అందులో పైథాన్ ఉంటే ఉపాధ్యాయుల సాయంతో సన్‌ఫిష్‌ను తెచ్చుకోండి. ప్రోగ్రాం మొదట్లోనే పావుల వెలలు కనిపిస్తాయి. గుర్రం పక్కనున్న 280ని 1000 చేసి ఆడండి. 929 వెలగల మంత్రిని ఇచ్చి మీ గుర్రాన్ని తీసుకోవడానికి అది వెనకాడదు! ఎందుకో మీరే చెప్పగలరు. తర్వాత రాజు వెలను 60,000 నుంచి 100కు దించి ఏమవుతుందో ముందుగా కాగితం మీద ఊహ రాసుకోండి. ఆ తర్వాతే ఆడి చూడండి.

కంప్యూటర్ లేకపోతే? ఫరవాలేదు. ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు ఆలన్ టూరింగ్ 1948లో తన మిత్రుడు డేవిడ్ ఛాంపర్‌నౌన్‌తో కలిసి చదరంగ ప్రోగ్రాం తయారుచేసినప్పుడు దాన్ని నడపగల యంత్రమే లేదు. 1952లో టూరింగ్ తానే యంత్రమై, కాగితం మీద లెక్కలు చేస్తూ అలిక్ గ్లెన్నీ అనే సహోద్యోగితో ఆడాడు. ఒక్కొక్క ఎత్తుకు అరగంట పట్టింది. 29 ఎత్తుల్లో ఓడిపోయాడు కూడా. మీరూ అలాగే చేయండి. ఒకరు మామూలుగా ఆడండి. ఇంకొకరు యంత్రం కండి. యంత్రమైనవారు తమకు తోచిన ఎత్తు వేయకూడదు. ప్రతి ఎత్తుకూ ఎదుటివాడి అతి చెడ్డ జవాబు ఏదో చూసి, పైన ఇచ్చిన వెలలతో లెక్కగట్టి, వచ్చిన అంకె ప్రకారమే పావు జరపాలి. కొన్ని పావులే మిగిలిన ఆటతో మొదలుపెట్టండి, లేకపోతే సాయంత్రమైపోతుంది.

చివరిగా ఒక లెక్క. మీరు గీసిన 120 గడుల కాగితం తీసుకోండి. 28వ స్థానం, అంటే పై కుడి మూల గడిలో గుర్రాన్ని పెట్టండి. ఎనిమిది దూకుళ్ళూ వేయండి. ఎన్ని నిలుస్తాయి? అందులో ఒక దూకుడు కుడి కంచె మీదుగా దూకి 20వ స్థానంలో పడుతుంది. ఆ స్థానం కాగితం మీద ఎక్కడుందో చూడండి. పైనా కిందా రెండేసి వరుసల కంచె వేసి, పక్కలకు మాత్రం ఒక్కొక్క వరుసతో ఎందుకు సరిపెట్టారో అప్పుడు తెలుస్తుంది.